సునీతకు, 2025 తెలంగాణ పంచాయతీ ఎన్నికల ముందు

చి॥ సౌ॥ సునీతకు మీ నాయిన దీవించి రాయునది.

ఇక్కడ అందరం బాగున్నాం. చిన్నోడికి దగ్గు తగ్గిందా? ఆ సిరప్ రాత్రిపూటే పట్టమని మీ అమ్మ మళ్లీ మళ్లీ చెప్పమంటున్నది. పండుగ తర్వాత నీ ఫోన్ లేదు. ఉద్యోగం కదా, తీరిక దొరకదులే.

మొన్న యాదమ్మత్త వచ్చి, మన పంచాయతీ ఈసారి బీసీ మహిళకు పడిందని, నువ్వు నిలబడుతున్నావని, అల్లుడు సరేనన్నాడని, పెద్దింటోళ్లు కూడా ‘మన బిడ్డే కదా’ అంటున్నారని చెప్పింది. యాదమ్మత్త మాటలో సగం తీసేయాలి. నిన్ను అడగాలని కాదు, ఏదో నాలుగు సంగతులు రాద్దామని కూర్చున్నా.

పేపర్లో ప్రజాస్వామ్యం మీద వ్యాసాలు చదువుతుంటే, ఓటరు జాబితా గురించి ఎవరూ రాయరేమిటా అనిపిస్తుంది. సర్పంచ్‌గా పోటీ చేయాలంటే 21 ఏళ్లు నిండాలి, ఆ ఊరి జాబితాలో పేరుండాలి. పంచాయతీకి వేరే జాబితా పుట్టదు, అసెంబ్లీ జాబితానే వార్డుల వారీగా విడగొడతారు. మీ అపార్టుమెంటుకు వచ్చిన మనిషెవరైనా నీతో చిరునామా మార్చే ఫారం 8 నింపించుకొని పోయి ఉంటే నీ పేరు ఇక్కడ పోయి అక్కడ పడ్డట్టే. కొత్త ఓటుకు పెట్టే ఫారం 6 పెట్టి ఇక్కడ మళ్లీ ఎక్కించుకుందామనుకోకు. ఇంకెక్కడా ఓటు లేదని దానిలో సంతకం చేయాలి, అది అబద్ధమని తేలితే ఏడాది దాకా జైలు. ఊరికే చెప్తున్నా.

నామినేషన్ పత్రాల్లో పెద్ద తప్పులు ఎవరూ చేయరు, చిన్నవాటి దగ్గరే పోతాయి. ప్రతిపాదించేవాడు ఒక్కడు చాలు, కానీ వాడి సీరియల్ నంబరు తప్పు పడుతుంది. కులపత్రంలో పుట్టింటి ఇంటిపేరు ఉంటుంది, జాబితాలో అత్తగారిది. ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు రాసే డిక్లరేషన్ మీద ఇద్దరు సాక్షుల సంతకాలుండాలి. వర్తించని గడిని ఖాళీగా వదలకూడదు, గీత కొట్టకూడదు, ‘లేదు’ అని రాయాలి. ఇంటిపన్ను బకాయి ఉండొద్దు, రసీదు దగ్గర పెట్టుకోవాలి. డిపాజిట్ జనరల్‌కు 2,000, మనకు 1,000. చివరి రోజు ఐదింటికల్లా గేటు లోపల ఉంటే టోకెన్ ఇస్తారు, ఐదు దాటి బయట నిలబడితే ఎవరి సిఫారసూ పనిచేయదు. మన ఊరు ఐదువేల జనాభా లోపలే కనుక ఖర్చు లక్షన్నర దాటొద్దు. దానికి వేరే బ్యాంకు ఖాతా తీసి ఆ లెక్క అందులోనే నడపాలి. ఫలితం వచ్చిన 45 రోజుల్లో లెక్క అప్పగించాలి, ఓడినవాళ్లు కూడా. ఓడినోళ్లు ‘ఇంకెందుకులే’ అని ఊరుకుంటారు. మూడేళ్లు అనర్హులవుతారు.

డిపాజిట్ అంటే 1996 గుర్తొచ్చింది. అప్పటికి నువ్వు బడికి కూడా పోలేదు. మర్రిగూడ వైపు ఊళ్లలో బోరునీళ్లు తాగి పిల్లల పళ్లు పచ్చబడేవి, పెద్దయ్యేసరికి ఎముకలు వంకరపోయేవి. లీటరు నీటిలో ఫ్లోరైడ్ ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ముప్పు, అక్కడ అంతకు ఎన్నో రెట్లు ఉండేది. పటిక, సున్నం, బ్లీచింగ్ పొడి కలిపి, కలియబెట్టి, పేరుకున్నాక పైతేట నీళ్లు తీసుకొనే పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు, దేశమంతా ‘నల్లగొండ పద్ధతి’ అంటుంది. పద్ధతి మంచిదే. కానీ నీటిలో క్షారం ఎంతుందో చూసి పటిక మోతాదు మార్చాలి, అడుగు మడ్డి రోజూ తీయాలి. ఊరి ట్యాంకు దగ్గర ఆ పని రోజూ చేసే మనిషిని ఎవరు పెడతారు? జనం అడిగింది కృష్ణా నీళ్లు. దుశర్ల సత్యనారాయణ గారి జలసాధన సమితి పాదయాత్రలు చేసింది, ధర్నాలు చేసింది. ఢిల్లీకి వినపడలేదు. అప్పుడు వాళ్లకు చట్టంలో ఒక సందు కనిపించింది. లోక్‌సభకు పోటీ చేయడానికి డిపాజిట్ 500 రూపాయలే. నల్లగొండ స్థానానికి 480 మంది పోటీలో నిలిచారు. ఓటింగ్ యంత్రాలు లేని కాలం. బ్యాలెట్ కాగితం కాస్తా పుస్తకం అయింది. అంత మందం పుస్తకం అచ్చు వేయాలి, ప్రతి ఊరికీ చేర్చాలి, ఓటరు పేజీలు తిప్పి తన గుర్తు వెతుక్కోవాలి, ముద్ర వేసి మడిచి డబ్బా సందులో దూర్చాలి. ఆ ఏర్పాట్లకు టైము చాలక ఇక్కడ పోలింగే వాయిదా వేశారు. చివరికి గెలిచింది సీపీఐ ధర్మభిక్షం గారు, మిగిలినవాళ్లలో దాదాపు అందరికీ డిపాజిట్లు పోయాయి. అదే సంవత్సరం తమిళనాడులో మొడకురిచ్చి అసెంబ్లీకి 1,033 మంది నిలబడ్డారు. రెండూ చూసి ప్రభుత్వం ఏం చేసింది? ఆ ఏడే చట్టం మార్చి డిపాజిట్‌ను 10,000 చేసింది, స్వతంత్రులకు పదిమంది ప్రతిపాదకులు కావాలంది. ఫ్లోరైడ్ ఊళ్లకు నీళ్లు మాత్రం ఆ తర్వాత ఎన్నేళ్లకో వచ్చాయి. దేశం తన బాధ్యతకంటే ముందు తన ఇబ్బందిని తీర్చుకుంటుందమ్మా, ఇది రాసిపెట్టుకో. 2019లో నిజామాబాద్‌లో పసుపు, ఎర్రజొన్న రైతులు అదే చేస్తే 185 మందితో పోటీ, ఒక్కో బూత్‌కు 12 బ్యాలెట్ యూనిట్లు కావలసి వచ్చింది. వాళ్లు అడిగిన పసుపు బోర్డు 2025 జనవరిలో వచ్చింది.

ఇది ఎందుకు చెప్తున్నానంటే, పెద్దింటోళ్లు ‘ఏకగ్రీవం చేద్దాం’ అంటున్నారట. గుడికింత, ఊరికింత అని వేలంపాట పెడతారు. అది ఎన్నికల సంఘం ఒప్పుకోని పని. గుడికి ఇచ్చినోడు ఆ డబ్బు ఐదేళ్లలో ఊరి దగ్గరే రాబట్టుకుంటాడు. పైగా మహిళకు వచ్చిన సీట్లో వాళ్లకు కావలసింది నీ సంతకం. మీటింగులో కుర్చీలో మొగుడు, వెనక భార్య కూర్చున్న పంచాయతీలు ఎన్నో. అల్లుడు మంచివాడే, ఆ మాట కాదు.

చెక్కు మీద సర్పంచ్‌తో పాటు ఉప సర్పంచ్ సంతకం కూడా పడాలి, 2018 పంచాయతీరాజ్ చట్టం అలాగే ఉంది. ఓట్ల లెక్కింపు అయిన రోజే వార్డు సభ్యులంతా చేతులెత్తి ఉప సర్పంచ్‌ను ఎన్నుకుంటారు. అక్కడ వాళ్ల మనిషి కూర్చుంటే నువ్వు గెలిచి కూడా చెక్కు కదలదు. సర్పంచ్‌కు గులాబీ బ్యాలెట్, వార్డుకు తెల్లది. జనం గులాబీది జాగ్రత్తగా వేసి, తెల్లదాన్ని ఎవరికో వేసేస్తారు. నిలబడేవాళ్లు (నువ్వని కాదు) వార్డుల్లో ఎవరు పోటీ చేస్తున్నారో చూసుకున్నాకే తమ నామినేషన్ వేయాలి.

డబ్బు సంగతి ఇంకా పెద్దది. కేంద్రం ఇచ్చే 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో అరవై శాతం నీళ్లకు, పారిశుధ్యానికే ఖర్చు పెట్టాలి. మిగిలిన నలభై శాతం కూడా జీతాలకు వాడొద్దు. ఎన్నికైన పాలకవర్గం లేని పంచాయతీకి ఆ గ్రాంటు రాదు, 2024 ఫిబ్రవరి నుంచి ప్రత్యేకాధికారుల పాలనే కదా. వీధిలైట్ల కరెంటు బిల్లు, ట్రాక్టరు వాయిదా, కార్మికుల జీతాలు మాత్రం ఆగవు. ఇంకొకటి, బిల్లు వస్తదిలే అని సొంత డబ్బు పెట్టి పని చేయించొద్దు. అప్పు తెచ్చి సీసీ రోడ్డు వేసి, బిల్లు ఖజానాలో ఇరుక్కొని, వడ్డీలకు భూమి అమ్ముకున్న సర్పంచులు మన జిల్లాలోనే ఉన్నారు. గౌరవ వేతనం 6,500. తీర్మానం, అంచనా, ఖాతాలో డబ్బు, ఈ మూడూ కళ్లతో చూశాకే పని మొదలుపెట్టాలి. నాటిన మొక్కల్లో 85 శాతం బతికించే బాధ్యత కూడా సర్పంచ్‌దే, ఎండాకాలం ట్యాంకరు ఖర్చు దానికి కలుపుకో. గ్రామసభ రెండు నెలలకోసారి పెట్టి, లెక్క పైకి చదవాలి. నాయకత్వమంటే ఇంకేదో అనుకునేవాళ్లు అనుకోనీ, పదిమందిలో రశీదు చూపించలేనివాడిని నేను నాయకుడు అనను.

ఉపన్యాసం ఇవ్వొద్దనే మొదలుపెట్టిన. మీ అమ్మ చదివి ‘బిడ్డకు ఉత్తరం రాసినవా, సర్క్యులరా’ అంటున్నది.

కులం తండ్రి వైపు నుంచే చూస్తారు కనుక నా పత్రాలు కావాలి. బీరువాలో ఉన్న నీ పత్రం పెళ్లికి ముందుది, మీసేవలో కొత్తది పెట్టాలి, దానికి నువ్వు రావాలి. ఆధార్, పాస్‌పోర్టు సైజు ఫోటోలు ఒక డజను, ఇంటిపన్ను రసీదు తెచ్చుకో. ఓటరు యాప్‌లో నీ ఓటు ఏ ఊళ్లో చూపిస్తుందో ఈ రాత్రికే చూసి గోపికి చెప్పు, వాడు నాకు చెప్తాడు. ఆర్టీసీ బస్సులోనే రా, ఆ పిల్లాడి బైకు మీద వద్దు.

మీ నాయిన