నీ భుజం ఓర్చుకునే తూటా

బంగారూ,

ఎల్క్ అనే పెద్ద జింక వేటకు స్నేహితులు .300 వించెస్టర్ మాగ్నమ్ తూటా వాడే రైఫిల్ కొనమంటున్నారని, ఏం చేయాలని నిన్న ఫోన్‌లో అడిగావు. హడావిడిలో చెప్పే సంగతి కాదని ఇలా రాస్తున్నాను.

కొలరాడో వచ్చిన కొత్తలో నేనూ అదే కొన్నాను. మగ ఎల్క్ మూడొందల కిలోలు దాటుతుంది, అంత జంతువుకు పెద్ద తూటానే కావాలనుకున్నాను. కాల్పులు సాధన చేసే రేంజ్‌లో ఇరవై సార్లు కాల్చేసరికి భుజం కమిలిపోయింది. ఆ తర్వాత ట్రిగ్గర్ మీద వేలు పెడితే చాలు, కళ్ళు వాటంతటవే మూసుకుపోయేవి. ఆ భయంతోనే కొండెక్కాను. నూటయాభై గజాల్లో కదలకుండా నిలబడ్డ ఆడ ఎల్క్‌కు గుండు పొట్టలో తగిలింది. వెళ్ళి చూస్తే ఆస్పెన్ చెట్ల ఆకుల మీద రక్తం తక్కువ, పచ్చటి పసరు ఎక్కువ. చీకటి పడేదాకా వెతికాం, మర్నాడూ వెతికాం. దొరకలేదు. ఎంత బాధపడి చచ్చిందో అని ఇప్పటికీ అనుకుంటూనే ఉంటాను.

అందుకే నీకు అంతకన్నా తక్కువ జోరున్న .308 తూటా చాలంటున్నాను. .308కీ, .30-06 అనే ఇంకో తూటాకీ, ఆ మాగ్నమ్‌కీ గుండు లావు ఒకటే. తేడా వెనకున్న తుపాకీ మందులో, అది నీ భుజాన్ని తన్నే తన్నులో ఉంది. ఆ అదనపు వేగం బాగా దూరాలకు పనికొస్తుంది. నువ్వు రెండొందల యాభై గజాలు దాటి కాల్చొద్దు. మన రాష్ట్రంలో ఎల్క్‌కు గుండు లావు కనీసం .24 క్యాలిబర్, బరువు 85 గ్రెయిన్లు, 100 గజాల దగ్గర 1000 ఫుట్ పౌండ్ల శక్తి ఉండాలి. .308 వీటిని సులువుగా దాటేస్తుంది.

డబ్బు పెట్టాల్సింది మంచి గుండు మీద. 1946లో జాన్ నాస్లర్ అనే వేటగాడు కెనడాలో మూస్ అనే భారీ జింకను కాలిస్తే గుండ్లు లోతుకు దిగకముందే చితికిపోయాయి. దాంతో ఆయన మధ్యలో రాగి అడ్డుగోడ ఉండే పార్టిషన్ గుండు తయారుచేశాడు. ముందు సగం విచ్చుకుంటుంది, వెనక సగం అలాగే ఉండి ఊపిరితిత్తుల దాకా దూసుకుపోతుంది. 165 గ్రెయిన్లలో అలాంటిది గానీ, పూర్తి రాగి గుండు గానీ తీసుకో.

శనివారం వచ్చెయ్. నా .308 వెనక చెక్క నీ చేతికి కొంచెం పొడవు, దాన్ని తగ్గించాలి. తర్వాత రేంజ్‌కు వెళ్దాం. తూటాల మధ్య నీకు తెలియకుండా పేలని డమ్మీ తూటా ఒకటి పెడతాను. దాని మీద ట్రిగ్గర్ నొక్కినప్పుడు భయంతో గొట్టం కదిలిందో లేదో పక్కన నిలబడి చూస్తాను.

నాన్న