మెట్రో మాటలు, స్టాండు అద్దె: మన ఖాతాదారులకు కొంత వివరణ

విజయనగరం రైల్వే స్టేషను దగ్గర మా స్టాండులో బండి పెట్టి రోజూ విశాఖపట్నం వెళ్లివస్తున్న నెలపాసు ఖాతాదారులందరికీ నమస్కారం. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి మోటారు సైకిళ్లకు, స్కూటర్లకు నెలపాసు 300 రూపాయల నుంచి 360 రూపాయలకు పెరుగుతుంది. సైకిలు పాసు పెరగదు. ఈ సంగతి గేటు దగ్గర బోర్డు మీద రాసి ఊరుకోవచ్చు గానీ, పెంపునకు కారణం మీకు తెలియాలి; పైగా "విశాఖ మెట్రో వస్తే మీ స్టాండు ఉంటుందా" అని మీలో చాలామంది అడుగుతున్నారు, దానికీ జవాబు చెప్పాలి.

స్థలం మాది కాదు, లీజుకు తీసుకున్నది. ఈసారి లీజు తిరిగి రాసేటప్పుడు యజమాని అద్దె దాదాపు మూడో వంతు పెంచమన్నారు. భోగాపురం విమానాశ్రయం వస్తోంది, దాని వెనకే మెట్రో వస్తుంది, ఇక ఈ చుట్టుపక్కల గజం ధర ఎక్కడ ఆగుతుందో తెలియదన్నది ఆయన వాదన. విమానాశ్రయం మన జిల్లాలోనే ఉన్నమాట నిజమే. మెట్రో సంగతి వేరు. రాష్ట్ర ప్రభుత్వం 2024 డిసెంబరులో ఆమోదించిన విశాఖ మెట్రో తొలి దశ 46.23 కిలోమీటర్లు, మూడు కారిడార్లు, 42 స్టేషన్లు; అందులో పొడవైన కారిడార్ స్టీల్‌ప్లాంటు నుంచి కొమ్మాది వరకు 34.4 కిలోమీటర్లు ఉంటుంది. కొమ్మాది నుంచి భోగాపురం వరకు 30.67 కిలోమీటర్లను రెండో దశకు పెట్టారు. ఈ రెండు దశల్లో ఎక్కడా విజయనగరం పట్టణం లేదు. ఇంతకుముందు 79.91 కిలోమీటర్ల లైట్ మెట్రో (చిన్న తరహా మెట్రో) అన్నారు, అది కాగితాల మీదే ఆగిపోయింది. ఇదంతా యజమానికి వివరంగా చెప్పి బేరమాడితే కొంత తగ్గారు; తగ్గనిదే మీ పాసులో కనిపిస్తోంది. మన ఊరికి రాని రైలుకు మనం అద్దె కడుతున్నామన్నమాట!

భోగాపురం వైపు ఇప్పుడే ఒక స్థలం పట్టుకోమని సలహా ఇచ్చినవారున్నారు. ఆ ఆలోచన నాకు లేదు, ఎందుకంటే మా వ్యాపారం నడిచేది ప్యాసింజరు, మెమూ (విడిగా ఇంజను లేకుండా కరెంటుతో నడిచే లోకల్) రైళ్ల మీద. మీకు కావలసింది కూడా ఇప్పుడున్న పట్టాల మీదే మరిన్ని రైళ్లు, వేళకు నడిచే రైళ్లు అని నా నమ్మకం. మెమూకు మోటార్లు రైలు పొడవునా అక్కడక్కడా ఉండడం వల్ల ఆగిన చోటి నుంచి త్వరగా వేగం అందుకుంటుంది. రెండు కొసలా డ్రైవరు క్యాబిన్ ఉండడం వల్ల విశాఖలో ఇంజను తిప్పే పని ఉండదు. కోరుకొండ, అలమండ, కంటకాపల్లి, కొత్తవలస, పెందుర్తి అంటూ ఆగుతూ పోయే సుమారు 60 కిలోమీటర్ల దారికి ఇంతకంటే తగిన బండి లేదు.

అడ్డంకి పట్టాల మీద ఉంది. హౌరా–చెన్నై ప్రధాన మార్గం, రాయ్‌పూర్ మార్గం మన స్టేషనులోనే కలుస్తాయి. కిరండూల్ నుంచి ఇనుప ఖనిజం మోసుకొచ్చే గూడ్సులు కొత్తవలసలో వచ్చి చేరతాయి. ఎక్స్‌ప్రెస్‌కు దారి ఇవ్వాలంటే ముందుగా లూప్‌లైనులోకి, అంటే స్టేషనులోని పక్క పట్టాల మీదికి, తప్పుకునేది ప్యాసింజరే. మూడో లైను, ఆటోమేటిక్ సిగ్నళ్లు వచ్చాక రైళ్లను ఒకదాని వెనక ఒకటి దగ్గరగా నడపడం వీలైంది గానీ, 2023 అక్టోబరు 29 సాయంత్రం కంటకాపల్లి దగ్గర పలాస ప్యాసింజరును రాయగడ ప్యాసింజరు వెనక నుంచి ఢీకొన్న తరువాత, రైళ్లు పెంచమని అడిగే ప్రతివారూ భద్రత గురించి కూడా అంతే గట్టిగా అడగాలి. హైదరాబాదులో 2003 నుంచి నడుస్తున్న ఎంఎంటీఎస్ లోకల్ రైళ్ల ఏర్పాటు కూడా ఇలా ఉన్న పట్టాలను వాడుకున్నదే. టికెట్టు చవక, కానీ దూరప్రాంత రైళ్లతో పట్టాలు పంచుకోవడం వల్ల వేళలు తప్పుతుంటాయి. అయినా మన దారికి అదే సరైన నమూనా అంటాను. కేంద్ర మంత్రివర్గం 2025 ఫిబ్రవరిలో ఆమోదించిన రైల్వే డివిజన్ల సరిహద్దుల ప్రకారం విజయనగరం నుంచి కూనేరు వరకు విశాఖ డివిజను, ఆ పైన రాయగడ డివిజను. పార్వతీపురం వైపు నుంచి వచ్చే ఖాతాదారులు తమ బండి ఆలస్యానికి ఇక ఇద్దరిని అడగవలసి వస్తుందేమో!

పెరిగిన పాసు సొమ్మంతా అద్దెకే పోదు. సాయంత్రం రాయగడ బండి దిగినవారంతా ఒక్కసారిగా మీదపడినప్పుడు, ఒకే గేటు దగ్గర, హెడ్‌లైటు అద్దం మీద సుద్దముక్కతో వేసిన నంబరు సగం చెరిగిపోయి, మా కుర్రవాడు సెల్‌ఫోను వెలుగులో చీటీతో సరిచూస్తుంటే వెనక హారన్లు మోగుతుంటాయి. అందుకని నెలపాసు బండ్లకు అంకె చెక్కిన రేకు బిళ్లలు ఇస్తున్నాము, వెనకవైపు రెండో గేటు తెరుస్తున్నాము. కాలువ వైపు కారుతున్న రేకులు వానాకాలానికి ముందే మారుస్తాము. ఆఖరి రైలు ఎంత ఆలస్యమైనా అది వచ్చి, మీరు బండి తీసుకునే వరకు మనిషి ఉంటాడు. ఆ గంటలకు అదనంగా ఏమీ తీసుకోము.

మూడు నెలల పాసు ఈ నెలాఖరులోగా కట్టినవారికి ఆ మూడు నెలలూ పాత రేటే వర్తిస్తుంది. కొత్త బిళ్ల తీసుకోవడానికి వచ్చేటప్పుడు పాత పాసు, బండి ఆర్‌సీ నకలు తెచ్చుకోగలరు.