గుంటూరు తమ్ముడికి, చేతులెత్తి నమస్కారం

రాత్రి రెండింటికి ఇల్లు చేరాం. పొద్దున్నే మళ్ళీ షాపు తీయాలి. అయినా ఇది రాయందే నిద్ర పట్టేలా లేదు.

విజయవాడ గవర్నర్‌పేటలో నాది చిన్న డీటీపీ సెంటరు. పెళ్ళికార్డులు, కరపత్రాలు, పుస్తకాలు చేస్తాను. తెలుగు టైపుకి అనూ ఫాంట్లు, పేజీలు కట్టడానికి పేజ్‌మేకర్. అంటే నా పనంతా విండోస్ మీదే. మా అమ్మాయి ఇంజినీరింగ్ రెండో ఏడాది, దానికి విండోస్ లాంటిదే ఇంకో సిస్టమ్, లినక్స్ కావాలి. ఇంకో కంప్యూటర్ కొనే స్తోమత లేక షాపు సీపీయూలోనే 500 జీబీ ఎస్‌ఎస్‌డీ డ్రైవ్ కొత్తది వేయించి, అందులో ఉబుంటు (లినక్స్‌లో ఒక రకం) ఎక్కించుకోమన్నాను. "నీ డ్రైవ్ జోలికి పోనమ్మా" అంది. పోలేదు కూడా.

బుధవారం రాత్రి ఉబుంటు ఎక్కింది. ఆ తర్వాత విండోస్ తెరవబోతే నీలం తెర. డిస్క్‌కి విండోస్ వేసే తాళం (బిట్‌లాకర్) విప్పడానికి 48 అంకెల రికవరీ కీ కొట్టమంటుంది. నేనెప్పుడూ వేయని తాళానికి తాళంచెవి అడిగితే ఎక్కణ్ణుంచి తేను? లోపల ఒక రిటైరైన మాస్టారి పుస్తకం ఉంది, 212 పేజీలు, మూడో ప్రూఫు దిద్దడం అయిపోయింది. ఆదివారం ఆవిష్కరణ. టెన్షన్‌లో "నీకెందుకే ఇవన్నీ" అని పిల్లని గట్టిగా అనేశాను.

గురువారం సీపీయూని ఆటోలో వేసుకుని సర్వీస్ సెంటర్‌కి వెళ్ళాం. రెండు గంటలు టోకెన్ పట్టుకుని కూర్చుంటే, "కీ లేకపోతే ఫార్మాటే. డేటాతో మాకు సంబంధం లేదు, ఇక్కడ సంతకం పెట్టండి" అని కాగితం ముందుకు తోశారు. కనీసం ప్లగ్ పెట్టి చూడలేదు. నేను పెన్ను తీశాను.

"అక్కా, సంతకం ఆపండి. ముందు ఏమేం మార్చారో చెప్పండి."

పక్క కుర్చీలో డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న అబ్బాయి. గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీలో బిల్లింగ్ చూస్తాడట. మా అమ్మాయి తడబడుతూ చెప్పింది: ఏదో వీడియోలో ఆపమంటే సెక్యూర్ బూట్ (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు నమ్మకమైన ప్రోగ్రాములనే రానిచ్చే కాపలా) ఆపాను, బూట్ లోడర్ (సిస్టమ్‌ని మొదలుపెట్టే ప్రోగ్రాము) మాత్రం రెండో డ్రైవ్‌కే పెట్టాను అని. అతను అంతా విని అన్నాడు: "నువ్వు సరిగ్గానే ఎంచుకున్నావు చెల్లీ. రెండో డ్రైవ్ చూపించినా ఆ ఇన్‌స్టాలర్ ఒక్కోసారి మొదటి డ్రైవ్‌లోని ఈఎఫ్‌ఐ పార్టిషన్‌లోకే, అంటే బూట్ ఫైళ్ళుండే చిన్న భాగంలోకే పోతుంది. నాకూ ఇలాగే అయింది. నీ తప్పు కాదు."

ముందురోజు రాత్రి నుంచి అన్నం ముట్టని పిల్ల అక్కడే భోరుమంది. నేనూ ఆగలేకపోయాను. కన్నతల్లిని, ఆ మాట నా నోట రాలేదు. ముక్కూ మొహం తెలియని మనిషి అన్నాడు.

ప్రింటరు చంకన పెట్టుకుని మాతో షాపుకే వచ్చేశాడు. సెటప్‌లోకి వెళ్ళి సెక్యూర్ బూట్ మళ్ళీ ఆన్ చేయించి, విండోస్ బూట్ మేనేజర్‌ని మొదటి వరసలో పెట్టించాడు. అంతే. కీ అడగకుండా నా డెస్క్‌టాప్ వచ్చింది! డిస్క్ చెడలేదని, దారి మారేసరికి మదర్‌బోర్డులోని చిప్ అనుమానపడి తాళం విప్పలేదని చెప్పాడు. ఇంకేదీ ముట్టుకోకుండా ముందు ఆ 48 అంకెలు తెరమీదికి తెప్పించాడు. ఎనిమిది గుంపులు, గుంపుకి ఆరు. తను చదువుతుంటే నాచేత నోటుబుక్కులో రాయించి, నాచేత తిరిగి చదివించాడు. తర్వాత ఫైళ్ళన్నీ బయటి హార్డ్‌డిస్క్‌లోకి.

అప్పుడు కరెంటు తీసి, నా విండోస్ డ్రైవ్ కేబుల్ మా అమ్మాయి చేతే ఊడదీయించాడు. కొత్త డ్రైవ్ ఒక్కటే ఉండగా ఉబుంటు మళ్ళీ ఎక్కించింది. ఉబుంటుకి సెక్యూర్ బూట్ ఆపక్కర్లేదట. కేబుల్ తిరిగి పెట్టాక, ఏది కావాలంటే అది ఎఫ్12 నొక్కి ఎంచుకోవడమే. చివర్లో గడియారం తేడా వచ్చింది. రాత్రి తొమ్మిదిన్నరకి విండోస్ సాయంత్రం నాలుగంటోంది. లినక్స్ టైముని యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) రాసిపెడితే విండోస్ దాన్నే మన టైమనుకుంటుందట, అందుకే సరిగ్గా ఐదున్నర గంటలు వెనక. దానికీ ఒక కమాండ్ ఉంది, అదీ పిల్లచేతే కొట్టించాడు. డబ్బులివ్వబోతే చేయి వెనక్కి పెట్టుకున్నాడు. పేరు కూడా రాయొద్దన్నాడు.

ఒకటి మాత్రం అడగాలి. తాళం వేసినట్టు నాకు ఒక్క మాట చెప్పకుండా నా డిస్క్‌కి తాళం ఎలా వేస్తారు? కంప్యూటర్ అమ్మిన షాపువాళ్ళు పని తొందరగా అవుతుందని వాళ్ళ మెయిల్ ఐడీతోనే మైక్రోసాఫ్ట్ అకౌంటు తెరిచారు. దాంతో విండోస్ తనంతట తానే తాళం వేసేసుకుంది. కీ వెళ్ళి అందులో కూర్చుంది. ఫోన్ చేస్తే ఆ కుర్రాడు మానేశాడు, పాస్‌వర్డ్ తెలీదు అన్నారు. డబ్బు నాది, డేటా నాది, తాళంచెవి ఇంకెవరి దగ్గరో! కొత్తది కొన్నవాళ్ళు ఇవాళే చూసుకోండి, అకౌంటు ఎవరి పేరున ఉందో.

మా వారు రెండు రోజులు వంట చూసుకున్నారు, రాత్రి అతన్ని బస్టాండులో దింపి వచ్చారు. హార్డ్‌డిస్క్ మా మరిదిది.

స్క్రూడ్రైవర్ ఇచ్చిన పక్క మొబైల్ షాపు బాబుకి థాంక్స్. పెన్‌డ్రైవ్ తెచ్చిచ్చిన మా అమ్మాయి స్నేహితురాలికి కూడా. అయ్యో, ఆటో ఆయన్ని మరిచిపోయాను. సీపీయూ కుదుపుకి దెబ్బతింటుందని దారంతా నెమ్మదిగా నడిపి, మెట్లెక్కించి మరీ వెళ్ళాడు. టీకొట్టు బాబాయ్, ఐదు టీల డబ్బు బాకీ, పొద్దున ఇస్తాను.