జ్ఞానస్నానపు తొట్టిలో క్రోటన్ మొక్కా?

సంపాదకుల వారికి,

అయ్యా,

వన్‌టౌన్ పాత కట్టడాల మీద మీ పత్రికలో వచ్చే రాతలు వదలకుండా చదువుతుంటాను. కురుపాం మార్కెట్ కమాను, విక్టోరియా రాణి విగ్రహం, రాస్ హిల్ మీది మేరీమాత గుడి, ఇవన్నీ నలుగురి కంటా పడేవి. వాటికి ఏమైనా అయితే అడిగే నాథుడు ఉంటాడు. గుడి లోపల తలుపు పక్కన మూలన, జ్ఞానస్నానం (బాప్తిస్మం) ఇవ్వడానికి ఉండే రాతి తొట్టిని ఎవరు పట్టించుకుంటారు? అందుకే ఈ ఉత్తరం.

మాది కతోలిక విచారణ, అంటే ఒక గుడి కింద ఉండే సంఘం. మా నాన్నగారు అక్కడ ఉపదేశిగా, అంటే మతబోధకుడిగా, పనిచేశారు. నేను పోర్టులో ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఈ మధ్య మా గుడికి మరమ్మతులు మొదలుపెట్టారు. కప్పు కురుస్తోంది కాబట్టి ఆ పని చేయాల్సిందే, నాకు తోచింది నేనూ ఇచ్చాను. అయితే నేలకు టైల్స్ వేయడానికి జ్ఞానస్నానపు తొట్టి అడ్డమొచ్చిందట. కూలీలను పెట్టి గునపాలతో పెకలించి, బయట లూర్దుమాత గుహ పక్కన పడేశారు. తర్వాతి ఆదివారం పూజకు వెళ్లేసరికి అందులో మట్టి నింపి క్రోటన్ మొక్క నాటేసి ఉంది.

కమిటీలో ఉన్న కుర్రాణ్ని అడిగాను. "ఇప్పుడు దాన్ని ఎవరు వాడుతున్నారు అంకుల్? స్టీలు బేసిన్ ఉంది కదా. మొక్క పెడితే అందంగా కూడా ఉంది" అన్నాడు. మంచి కుర్రాడే. వాడికి జ్ఞానస్నానం ఇచ్చింది ఆ తొట్టి దగ్గరే. చంటిపిల్లాడప్పటి మాట, వాడికి ఎలా గుర్తుంటుంది?

ఆ తొట్టిని కాస్త దగ్గరికెళ్లి చూడాలి. మన విశాఖ కొండల రాయే అది, ఖొండలైట్ అంటారు. వేలితో తడిమితే చిన్న చిన్న ఎర్రటి గార్నెట్ పలుకులు గరగరమని తగులుతాయి. గిన్నెకు ఎనిమిది పలకలు. వారానికి ఏడు రోజులు పోగా క్రీస్తు లేచిన రోజు ఎనిమిదోదని పూర్వపు క్రైస్తవుల లెక్క, అందుకని ఎనిమిది. గిన్నె మధ్యలో రాతి అడ్డుగోడ ఉంది. ఒక వైపు పాస్కా (ఈస్టర్) జాగరణ రాత్రి పెద్ద కొవ్వొత్తిని ముంచి ఆశీర్వదించిన నీళ్లు ఉంచేవారు. రెండో వైపు ఖాళీ. బిడ్డ తల మీంచి జారిన నీళ్లు అందులో పడి, అడుగున ఉన్న రంధ్రంలోంచి, స్తంభం లోపలి నుంచి నేరుగా భూమిలోకి దిగేవి. ఆ నీళ్లు మురిక్కాలవలో కలవకూడదు, మట్టిలోనే ఇంకాలి అన్నది నియమం. టైల్స్ కోసం ఆ గొయ్యిని సిమెంటుతో పూడ్చేశారు. రంధ్రం వల్ల ఇప్పుడు లాభం క్రోటన్ మొక్కకే, వేళ్లు కుళ్లవు.

దాని మీద టేకు మూత, ఇత్తడి గొళ్లెం, తాళం ఉండేవి. తాళంచెవి నాన్నగారి దగ్గర ఉండేది. ఈస్టర్ ముందు వచ్చే పవిత్ర శనివారం మధ్యాహ్నం ఆయన కొబ్బరి పీచుతో గిన్నె తోముతుంటే, చింతపండుతో గొళ్లెం తోమడం నా పని. తాళం ఎందుకని అడిగితే ఆయన చెప్పిన కారణం ఒకటే, బల్లులు. అసలు కారణం పెద్దయ్యాక చదివాను. ఇంగ్లండులో మంత్రగాళ్లు ఆ నీళ్లను ఎత్తుకుపోతున్నారని 1236లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు తొట్లకు తాళాలు వేయించారు. మన విశాఖలో మాత్రం నాన్నగారి కారణమే సరైనది.

ఈ ఊళ్లో ఆ తొట్టి వెనక చాలా చరిత్ర ఉంది. ఫ్రాన్సిస్ ద సేల్స్ సభ గురువులు ఆల్ప్స్ కొండల్లోని అన్నేసీ పట్టణం నుంచి వచ్చి విశాఖలో అడుగుపెట్టింది 1846లో. అన్నేసీ అప్పటికి ఫ్రాన్సులో లేదు, 1860లో కలిసింది. అందరూ వాళ్లను ఫ్రెంచి ఫాదర్లంటారు కాబట్టి చెబుతున్నాను. మరుసటి ఏడే, 1847లో, సెయింట్ అలోషియస్ స్కూలు పెట్టారు. 1886లో విశాఖ మేత్రాసనం (బిషప్పు పాలించే ప్రాంతం) ఏర్పడినప్పుడు తొలి బిషప్పు తిస్సో గారు. ఇక్కడి మిషను అప్పట్లో నాగపూర్ దాకా పాకి ఉండేది, 1887లో గానీ నాగపూర్ వేరు పడలేదు. 2001లో మనది అగ్రపీఠమైంది, అంటే ఆర్చిబిషప్పు ఉండే మేత్రాసనం. మాకంటే ముందే, 1805లో, ప్రొటెస్టంట్లదైన లండన్ మిషన్ నుంచి జార్జ్ క్రాన్, అగస్టస్ దే గ్రాంజ్ ఈ ఊరికి వచ్చి సువార్తలను తెలుగు చేసే పని మొదలుపెట్టారు. 1809లో ఒకరు, 1810లో ఒకరు చనిపోయారు. ఆ సువార్తలు 1812లో సీరాంపూర్‌లో అచ్చయ్యాయి. మా బాప్టిస్టు బంధువులకు ఈ రాతి గిన్నెలతో పని లేదు, వాళ్లు మనిషిని నిలువునా ముంచుతారు. పెళ్లిళ్లలో కలిసినప్పుడల్లా దీని మీద మాకు వాదన నడుస్తూనే ఉంటుంది.

కమిటీ వాళ్ల వైపు మాటా చెప్పాలి. పూర్వం జ్ఞానస్నానమంటే తలుపు దగ్గర గురువు, తల్లిదండ్రులు, బిడ్డ విశ్వాసానికి పూచీ ఉండే జ్ఞానతల్లి, జ్ఞానతండ్రి, అంతే. మిగతా జనం ఇళ్లకు వెళ్లిపోయేవారు. కతోలిక బిషప్పులంతా కూడిన రెండో వాటికన్ మహాసభ తర్వాత 1969లో వచ్చిన కొత్త క్రమం ఇది సంఘమంతా కలిసి చేసుకోవాల్సిన పండుగ అంది. దాంతో తొట్టిని బలిపీఠం ముందుకు తెచ్చి అందరికీ కనబడేలా చేస్తున్నారు. నాకు అభ్యంతరం లేదు. కానీ స్టూలు మీద స్టీలు బేసిన్, పక్కన ప్లాస్టిక్ మగ్గు పెట్టమని ఏ మహాసభా చెప్పలేదు. ప్రతి విచారణ గుడికీ జ్ఞానస్నానపు తొట్టి ఉండి తీరాలని 1983 నాటి చర్చి ధర్మశాస్త్రం 858వ సూత్రం చెబుతోంది. ఆశీర్వదించిన వస్తువులను మామూలు వాడకానికి పెట్టకూడదని 1171వ సూత్రం. పూలకుండీ మామూలు వాడకం కాక మరేమిటి?

ఇలాంటిది ఇంతకుముందూ జరిగింది. 1645లో ఇంగ్లండు పార్లమెంటు కొత్త ఆరాధన క్రమం తెచ్చి, పాత తొట్లు ఉన్న చోట బాప్తిస్మం ఇవ్వొద్దంది. చాలా తొట్లను పెకలించి బయటికి గెంటేశారు. కొన్ని పశువుల కుడితి తొట్లయ్యాయి, కొన్ని తోటల్లో పూలకుండీలయ్యాయి. 1660లో అక్కడ రాజరికం తిరిగొచ్చాక మళ్లీ కొత్తవి చెక్కించుకున్నారు. అక్కడి గుళ్లలో ఆ కాలపు తేదీలున్న తొట్లు ఇప్పటికీ ఉన్నాయి. అదే బెల్జియంలోని లీజ్ పట్టణం వాళ్లను చూడండి. 12వ శతాబ్దపు ఇత్తడి తొట్టిని ఫ్రెంచి విప్లవం రోజుల్లో దాచిపెట్టి, గొడవలు సద్దుమణిగాక మరో గుడిలో నిలబెట్టుకున్నారు. మనకు ఏ విప్లవమూ రాలేదు, టైల్స్ వచ్చాయి. 2014 హుద్‌హుద్‌కు గుడి పెంకులు ఎగిరిపోయినా ఆ తొట్టి కదల్లేదు.

తొట్టితో పాటు చెప్పాల్సింది రిజిస్టర్ల సంగతి. జ్ఞానస్నానం అయిన వెంటనే బిడ్డ పేరు, తల్లిదండ్రులు, జ్ఞాన తల్లిదండ్రులు, తేదీ అందులో రాస్తారు. పాతవన్నీ లాటిన్‌లో ఉంటాయి. తర్వాత ఆ మనిషి ఎక్కడ పెళ్లి చేసుకున్నా, అక్కడి గురువులు ఇక్కడికి కబురు పంపితే అదే వరుస పక్కన మార్జిన్‌లో రాస్తారు. అంటే నాగపూర్‌లో స్థిరపడినవాడి సంగతులూ పుట్టిన ఊరి పుస్తకంలోనే ఉంటాయి. నన్ను బడిలో చేర్చినప్పుడు పుట్టిన తేదీకి రుజువు ఆ సర్టిఫికెట్టే. రైల్వేలో పనిచేసి ఆస్ట్రేలియా వెళ్లిపోయిన ఆంగ్లో ఇండియన్ కుటుంబాల మనవలు ఇప్పటికీ తాతముత్తాతల పేర్లు వెతుక్కుంటూ ఉత్తరాలు రాస్తుంటారు. ఆ పుస్తకాలు ఇనుప బీరువాలో ఉన్నాయి. బీరువాకు తుప్పు, కాగితాలకు సముద్రపు చెమ్మ. పాత రిజిస్టర్లను జాగ్రత్త చేయాలని 535వ సూత్రం చెబుతోంది. టైల్స్‌కు పెట్టిన ఖర్చులో పిసరంత తీస్తే అన్నీ స్కాన్ చేయించొచ్చు. దానికి చందా అడిగితే నేను మొదట ఇస్తాను.

మా విచారణ పేరు కావాలనే రాయలేదు. ఎవరినీ రచ్చకీడ్చాలని కాదు. మరమ్మతుల పేరుతో మరికొన్ని పాత గుళ్లలోనూ ఇదే ఆలోచన నడుస్తోందని విన్నాను, అక్కడైనా ఆగుతారని. తొట్టిని లోపలికి తీసుకురండి. తలుపు దగ్గరే పెడతారో, పీఠం ముందు పెడతారో మీ ఇష్టం, నీళ్లు మాత్రం మట్టిలోకి దిగేలా చూడండి. దయచేసి ఆయిల్ పెయింటు వేయకండి. సముద్రపు గాలికి రాయి ఉప్పు పీలుస్తుంది. పైన పెయింటు పూస్తే లోపలి చెమ్మ బయటికి పోయే దారి లేక పొరలు పొరలుగా లేచిపోతుంది. మామూలు నీళ్లు, మెత్తటి బ్రష్ చాలు. క్రోటన్ మొక్కకు మట్టి కుండీ నేనే కొనిస్తాను.

తలుపు పక్క మూలన ఇంకా టైల్స్ పడలేదు, ఉత్త కాంక్రీటే ఉంది. పూడ్చిన గొయ్యి మళ్లీ తెరవడానికి ఎంతసేపు పడుతుందని మేస్త్రీని అడిగాను. ఒక పూట పని అన్నాడు. కమిటీ వాళ్లు చెబితే చేస్తాడట.

ఇట్లు,
పోర్టు రిటైర్డ్ ఉద్యోగి,
వన్‌టౌన్, విశాఖపట్నం
(పేరు ప్రచురించవద్దని మనవి)