కుక్క మూత్రం ఎర్రగా వస్తే వేడి చేసిందనుకోకండి

సంపాదకులకి నమస్కారం.

కుక్కల గురించి మీ పేపర్లో వచ్చేదంతా కరవడం గురించే. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఢిల్లీ వీధికుక్కల్ని షెల్టర్లకి పంపమనడం, మళ్లీ అదే నెలలో ఆ మాట మార్చి, రేబిస్ ఉన్నవీ మీదపడేవీ తప్ప మిగతావాటికి ఆపరేషన్ చేసి టీకా వేసి ఎక్కడివక్కడ వదలమనడం, దాని మీద రోజుల తరబడి చర్చలు, అన్నీ చదివాం. వద్దనడం లేదు, రేబిస్ చిన్న విషయం కాదు. కానీ కుక్కకీ జబ్బులొస్తాయి, అందులో ఒకటి మనం చేతులారా వేసే తిండి వల్ల రావచ్చు, దాని గురించి తెలుగులో నాలుగు ముక్కలు రాసినవాళ్లు నాకైతే కనబడలేదు.

నేను చెప్పేది కిడ్నీ పురుగు సంగతి. డాక్టర్లు డయాక్టోఫైమా రీనేల్ అంటారు, ఆ పేరు మనకి నోరు తిరగక్కర్లేదు. ఏలికపాము లాంటిదే గానీ ఇది ఉండేది కిడ్నీలో. ఆడపురుగు మీటరు పొడవు దాకా పెరుగుతుంది, మగది అందులో సగం కూడా ఉండదు. లోపలే చుట్టలు చుట్టుకుని కిడ్నీని కొద్దికొద్దిగా పాడుచేసి చివరికి పైతొడుగు మాత్రం మిగులుస్తుంది. ఎక్కువగా కుడి కిడ్నీకే పడుతుంది. పొట్ట తర్వాత వచ్చే చిన్నపేగు మొదటి వంపు ఆ పక్కనే ఉంటుంది కదా, పిల్లపురుగు పేగు గోడ తొలుచుకుని బయటికొస్తే దగ్గర్లో దొరికేది అదే.

మా ఆడపడుచు వాళ్ల కుక్కకి వచ్చింది కాబట్టి ఇంత తెలిసింది. మహేంద్రతనయ ఒడ్డున ఊరు వాళ్లది. మూత్రం ఎర్రగా పోస్తుంటే ఎండలకి వేడి చేసిందని మజ్జిగన్నం పెట్టారు. తగ్గలేదు. రాళ్లన్నారు, ఇంజక్షన్లు వేశారు. మధ్యలో ఎవరో చెప్తే నట్టల మందు కూడా పట్టారు. కుక్క మాత్రం నడుం వంచి నడుస్తూ, తిండి దగ్గరికొచ్చి వాసన చూసి వెనక్కి పోతూ ఉండేది. చివరికి పెద్ద ఊరు తీసుకెళ్లి స్కానింగ్ చేయిస్తే కుడి కిడ్నీ ఉండాల్సిన చోట గుండ్రటి చుట్లు కనబడ్డాయి. ఆ కిడ్నీ తీసేశారు. ఆపరేషన్ అయ్యాక ట్రేలో పెట్టిన పురుగు ఫోటో నా ఫోన్లో ఉంది. పెన్సిలంత లావు, నెత్తుటి రంగు, పక్కనున్న కత్తెర దాని ముందు చిన్నదైపోయింది. కుక్క ఇప్పుడు ఎడమ కిడ్నీతోనే బాగానే తిరుగుతోంది, మునుపటిలాగే పోస్ట్‌మ్యాన్ మీద అరుస్తోంది.

ఇది ఎలా వస్తుందంటే, జబ్బున్న జంతువు మూత్రంలో గుడ్లు పడతాయి. అవి నీళ్లలో వారాల తరబడి ఎదిగాక, చెరువుల్లో కాలవల్లో బురదలో ఉండే సన్నటి వానపాము జాతి పురుగులు వాటిని మింగుతాయి. ఆ పురుగుల్ని చేపలు, కప్పలు తింటాయి. ఆ చేపనో కప్పనో పచ్చిగా తిన్న కుక్కకి ఇది ఎక్కుతుంది. ఇప్పుడు మన సంతలో చేపలమ్మే చోట నిలబడి చూడండి. కత్తిపీట ముందు ఆవిడ మొప్పలు లాగి, పొట్ట చీల్చి, పేగులు వెనక్కి విసురుతుంది, అక్కడ నాలుగు కుక్కలు ఆ విసురు కోసమే కూర్చుని ఉంటాయి. ఇళ్లలోనూ అంతే, చేపలు కడిగినప్పుడు ఆ పేగులు పాపం కుక్క తింటుందిలే అని గిన్నెలో వేస్తాం. వానాకాలం పొలం గట్ల మీద కప్పల సంగతి చెప్పక్కర్లేదు, కుక్కని కట్టేస్తే తప్ప ఆగదు. అదంతా మన చేతిలో ఉండదు గానీ ఇంట్లో గిన్నె మన చేతిలోదే. చేప వేయాలనుకుంటే ఉడకబెట్టి వేయండి, ముళ్లు తీసి. బరంపురం వైపు నుంచి వచ్చే సముద్రం చేపలతో ఈ భయం లేదు, ఇది మంచినీళ్ల వ్యవహారం. కాలవ చేప, చెరువు చేప అయితేనే జాగ్రత్త. (సముద్రం చేప పచ్చిది పెట్టమని కాదు, అందులో ఉండే పురుగులు వేరే ఉన్నాయి.)

చదివి టెన్షన్ పడేవాళ్లకి ఒక మాట. కుక్కని ముట్టుకుంటేనో అది నాకితేనో ఇది మనకి అంటదు. మనుషుల్లో చాలా అరుదుగా బయటపడింది, అదీ చేపనో కప్పనో పచ్చిగానో సగం ఉడికీ ఉడక్కుండానో తింటే వచ్చేదే. మన చేపల పులుసు మరిగే మరుగుకి ఏ పురుగూ బతకదు.

అసలు చిక్కు గుర్తుపట్టడంలో ఉంది. ఒక కిడ్నీ పోతే రెండోది పెరిగి పని మొత్తం నెత్తినేసుకుంటుంది, కాబట్టి చాలా కుక్కలు పైకి బాగానే కనబడతాయి. ఎరుపు కనబడినా దానికి వేరే కారణాలు బోలెడు: మూత్రాశయంలో రాళ్లు, టిక్ ఫీవర్, ఎలుక జ్వరం, వీధికుక్కల్లో మర్మావయవాల దగ్గర వచ్చే గడ్డ. ఎలుక జ్వరం అయితే మూత్రం ద్వారా మనకీ అంటుతుంది, ఒట్టి చేతుల్తో కడగొద్దు. కాబట్టి ఎర్రగా కనబడితే ఊహించుకుని మందు పట్టకుండా మూత్రం ఒక శుభ్రమైన సీసాలో పట్టి పశువుల డాక్టరుకి ఇవ్వండి. కిడ్నీ పురుగు గుడ్లు మందపాటి పెంకుతో మైక్రోస్కోప్ కింద తెలిసిపోతాయి. అయితే గుడ్లు లేవన్నంత మాత్రాన పురుగు లేదని కాదు. ఉన్నది మగపురుగు ఒక్కటే కావచ్చు, లేదా పురుగు కిడ్నీలోకి పోకుండా కడుపు లోపల పేగుల బయటున్న ఖాళీలో తిరుగుతూ ఉండొచ్చు, కుక్కల్లో ఇలా చాలాసార్లు జరుగుతుంది. అప్పుడు స్కానింగే దిక్కు. నట్టల మందుతో పోతుందన్న భరోసా లేదు, ఇప్పటికీ గట్టి వైద్యం ఆపరేషనే, అదీ రెండో కిడ్నీ బాగుంటేనే.

ఇక్కడ పశువైద్య శాఖ వాళ్లకి, అటు శ్రీకాకుళం వాళ్లకీ ఇటు గజపతి జిల్లా వాళ్లకీ, ఒక విన్నపం. 2023 నాటి ఏబీసీ (జంతు జనన నియంత్రణ) రూల్స్ ప్రకారం వీధికుక్కలకి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేస్తూనే ఉన్నారు. ఆడకుక్కకైతే ఎలాగూ పొట్ట కోస్తారు. వేరే దేశాల్లో ఈ పురుగు చాలాసార్లు బయటపడింది ఆ ఆపరేషన్లలోనే, పొట్ట తెరిస్తే ఎర్రగా కదుల్తూ. మన దేశంలోనూ కుక్కల్లో దీన్ని డాక్టర్లు చూసి నమోదు చేశారు. కాబట్టి కోసినప్పుడు ఒక్క క్షణం కుడి కిడ్నీ వైపు చూసి, ఏదైనా కనబడితే ఏ ఊరి కుక్కో, ఏ చెరువు పక్కదో రిజిస్టర్లో రాయండి. అదనంగా పైసా ఖర్చు లేదు. అలా రాస్తే ఏ చెరువు దగ్గర జాగ్రత్తపడాలో మాకు తెలుస్తుంది.

మీకూ ఒక విన్నపం ఉంది. మా వైపు ఆసుపత్రి గోడల మీద బోర్డులు ఒడియాలో ఉంటాయి, మా అత్తగారి వయసువాళ్లకి చదవడం వచ్చింది తెలుగే. చేపలు కడిగేది కూడా వాళ్లే. వానలు మొదలయ్యే ముందు ఈ విషయం మీద ఒక డాక్టరుతో చిన్న వ్యాసం రాయించి వేయండి, కత్తిరించి సంతలో చేపల కొట్ల దగ్గర నేనే అంటిస్తాను.

ఒక పాఠకురాలు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా