పార్కిన్సన్స్ రోగుల కళ్లనూ పట్టించుకోండి

సంపాదకులకు నమస్కారం.

పార్కిన్సన్స్ అనగానే అందరికీ చేతుల వణుకే గుర్తొస్తుంది. కళ్ల సంగతి ఎవరూ అడగరు. మా నాన్నగారు పేపర్ చదివేటప్పుడు ఒక కన్ను చేత్తో మూసుకునేవారు. అద్దాలు మార్చినా లాభం లేకపోయింది. దగ్గరి అక్షరాలు చూడాలంటే రెండు కళ్లూ కలిసి ముక్కువైపు తిరగాలి. ఈ జబ్బులో ఆ పొందిక తగ్గి, ఒక్కో లైను రెండుగా కనిపించవచ్చు. గోడ మీది చార్టును ఒక్కో కన్నుతో చదివిస్తే ఇది బయటపడదు. చూపు బాగానే ఉందంటారు, మనిషి మాత్రం చదవడమే మానేస్తాడు. ఎంత బాధో!

రెండుగా కనిపించేదాన్ని ఒకటిగా కలిపి చూపే ప్రిజం అద్దాలతో చాలామందికి ఊరట దొరుకుతుంది. రెప్పలు తక్కువగా కొట్టడం వల్ల కళ్లు పొడిబారి మండుతాయి, దానికి చుక్కల మందులున్నాయి. ఈ జబ్బులో మెదడులో తగ్గిపోయే డోపమిన్ అనే రసాయనం కంటి వెనక పొర రెటీనాలోనూ పనిచేస్తుంది. అది తగ్గితే మసక వెలుతురులో మెట్టు అంచు సరిగ్గా తెలియదు. అలాంటప్పుడు దూరం, దగ్గర చూపు రెండూ ఒకే అద్దంలో ఉండే ప్రోగ్రెసివ్ అద్దాలతో మెట్లు దిగడం మరీ ప్రమాదం. చదవడానికి, నడవడానికి వేర్వేరు జతలుంటే మేలు.

న్యూరాలజిస్టులు ప్రతి చెకప్‌లో "చదివేటప్పుడు రెండుగా కనిపిస్తోందా?" అని ఒక్క మాట అడగాలని, కంటి డాక్టర్లు రెండు కళ్లూ తెరిపించి దగ్గరి చూపు కూడా పరీక్షించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు