ఫౌజ్‌ల వచ్చిన జబ్బుకు సంబంధం లేదంటే, ఎందుకు లేదో రాయాలె కదా

ఎడిటర్ గారికి నమస్కారం,

ఆర్మీ నుంచి వచ్చినోడికి పెన్షన్ ఉంటది, క్యాంటీన్ ఉంటది, ఇంకేం కావాలె అని మన పరకాల, నర్సంపేట, హుజూరాబాద్ దిక్కు చాలామంది అనుకుంటరు. కానీ సర్వీసుల పోయిన చెవులకు, మోకాళ్ళకు, అక్కడ మొదలైన బీపీకి డిసేబిలిటీ పెన్షన్ అని వేరే ఉంటది, అది రావాల్సిన జవాన్లు ఎందరో రాక ఊకున్నరు, కొందరికైతే అసలు అడగొచ్చన్న సంగతే తెల్వదు, అందుకే రాస్తున్న.

రిటైర్ అయ్యేముందు రిలీజ్ మెడికల్ బోర్డు, అంటే ఫౌజ్ డాక్టర్ల కమిటీ, కూసుంటది. జబ్బు ఎంత శాతం, అది సర్వీసు వల్ల వచ్చిందా లేకపోతే సర్వీసు వల్ల ముదిరిందా అని వాళ్ళే రాస్తరు. కనీసం 20 శాతం ఉండాలె, ఈ రెండిట్ల ఒకటి అవునని ఉండాలె. నేను ఆర్టిలరీల, అంటే ఫిరంగుల దళంల చేసిన, గోల్కొండ సెంటర్ల ట్రైనింగ్, ఆ తర్వాత ఏండ్లకేండ్లు గన్ పక్కనే, ఇప్పుడు ఎడమ చెవుకు ఫోన్ పెట్టుకుంటే ఏం వినబడది. నా బోర్డు కాయితం మీద సర్వీసుకు సంబంధం లేదని ఒక్క లైన్ ఉంది, ఎందుకు లేదో మాత్రం లేదు. భర్తీ అయిననాడు ఫౌజ్ డాక్టర్లే చెవులు చూసి ఫిట్ అని తీసుకున్నరు, మరి గన్నుల వల్ల పోకపోతే దేనివల్ల పోయిందో రాయాలె కదా సార్.

ఇది నా ఒక్కని వాదన కాదు. 2013ల ధరమ్‌వీర్ సింగ్ కేసుల సుప్రీంకోర్టు సాఫ్‌గ చెప్పింది, భర్తీ అప్పుడు రికార్డుల జబ్బు ఏదీ రాయకపోతే మనిషి మంచిగనే వచ్చినట్టు లెక్క, తర్వాత వచ్చిన జబ్బుకు సర్వీసుకు సంబంధం లేదని చూపెట్టాల్సింది ప్రభుత్వమే, అనుమానం ఉంటే అది జవాను దిక్కే పోవాలె. అయినా ఆ ఒక్క లైన్ రాసుడు ఆగలేదు.

బీపీ కేసులు ఇంకా అన్యాయం. ఫీల్డ్‌ల, హై ఆల్టిట్యూడ్‌ల మొదలైతే ఒప్పుకుంటరు, పీస్ స్టేషన్‌ల, అంటే సరిహద్దుకు దూరంగ ఉండే కంటోన్మెంట్‌ల, బయటపడితే సంబంధం లేదంటరు. మా పక్కూరి తమ్ముడొకాయన మంచుల డ్యూటీ చేసి కిందికి దిగినంక చెకప్‌ల బీపీ దొరికింది, అంతే, కాయితం మీద పీస్ స్టేషన్ పేరు పడ్డది, మొత్తం కేసే పోయింది. జబ్బు దొరికిన జాగా వేరు, మొదలైన జాగా వేరు కావచ్చు, ఇది చెప్పడానికి డాక్టరే కావాల్నా?

పైసల సంగతి కూడా చెప్తా. బోర్డు జబ్బు 100 శాతం అని రాస్తే ఆఖరి జీతంల 30 శాతం ఇస్తరు. 50 శాతం లోపు ఉన్నోళ్ళకు రౌండ్ చేసి 50 కింద లెక్క కడతరు కాబట్టి 20 శాతం ఉన్నా జీతంల 15 శాతం నెలనెలా వస్తది. పూర్తి సర్వీసు చేసి దిగినోళ్ళకు కూడా ఈ రౌండింగ్ ఇయ్యాలెనని 2014ల రామ్ అవతార్ కేసుల సుప్రీంకోర్టు తేల్చింది. ఇంటికొచ్చి హైదరాబాద్ల ఏటీఎం కాడ సెక్యూరిటీ డ్యూటీ చేసేటోడికి అవి చిన్న పైసలు కావు.

సర్కారు లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2023ల ఇచ్చిన రిపోర్టు చూస్తే, రిటైర్ అయ్యే ఆఫీసర్లల్ల 36 నుంచి 40 శాతం మంది డిసేబిలిటీ పెన్షన్‌తోని పోతున్నరు, కింది ర్యాంకులల్ల 15 నుంచి 18 శాతమే. ఆఫీసర్లకు ఎక్కువ ఇస్తున్నరు అని దీనిమీద గొడవ అయింది. నాకైతే వేరే తీరు కనబడుతది, వాళ్ళు రూలు చదువుకుని అడుగుతరు, మనోడు ఇంగ్లీషు కాయితం మీద సంతకం పెట్టి రైలెక్కుతడు. దొంగ క్లెయిములు అసలు లేవని నేను అనను, ఉంటే పట్టుకోండి, దానికి కూడా కారణం రాసుడే మందు.

రిజెక్ట్ లెటర్ వచ్చినంక ఆరు నెలలల్ల మొదటి అప్పీల్ పెట్టుకోవాలె, తర్వాత రెండోది, అదీ కాకుంటే ఫౌజోళ్ళ కేసులు చూసే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్, మనకు ఆ బెంచ్ చెన్నైల. లేటుగ పోతే గెలిచినా వెనుక మూడేండ్ల బకాయిలే ఇచ్చిన కేసులు ఉన్నయి. అప్పీల్ ఒకటుంటదని కూడా నాకు లెటర్‌తోపాటు ఎవ్వరూ చెప్పలేదు, గడువు దాటినంక ఒక పాత సుబేదార్ సాబ్ చెప్తే తెలిసింది.

2025 జులై 26న నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) వాళ్ళు వీర్ పరివార్ సహాయత యోజన అని మొదలుపెట్టిన్రు, మాజీ సైనికుల పనులు చూసే జిల్లా సైనిక్ బోర్డు ఆఫీసులల్ల లాయర్ సాయం ఫ్రీగ ఇచ్చేతందుకు. హనుమకొండల అది గోడమీది పేరు వరకే కాకుంట మెడికల్ బోర్డు కాయితాలు చదవొచ్చే లాయర్‌ను కూసోబెట్టాలె, ములుగు, భూపాలపల్లి దిక్కు కూడా నెలకోసారి క్యాంపు పెట్టాలె. రిజెక్ట్ లెటర్ ఇచ్చినప్పుడే కారణం, అప్పీల్ గడువు, ఎక్కడ పెట్టుకోవాలెనో తెలుగుల రాసి ఇయ్యాలె. మీ జిల్లా పేజీల ఒకసారి ఈ ఆరు నెలల గడువు సంగతి పెద్దక్షరాలతోని వేయండి సార్, ఈ ఏడు దిగి వస్తున్న పిల్లలకైనా అందుతది.

– ఒక మాజీ హవల్దార్, పరకాల, హనుమకొండ జిల్లా